అలైన్‌మెంట్ స్టిక్స్: స్వింగ్‌లో ఏ లోపాన్ని పట్టిస్తాయి, దేన్ని పట్టించలేవు

రెండు ఫైబర్‌గ్లాస్ స్టిక్స్. ఒక్కోటి 48 అంగుళాల పొడవు, చిటికెన వేలికన్నా సన్నం. ఒక కొస మొనదేలి ఉంటుంది, నేలలో గుచ్చడానికి. రెండో కొసకు రబ్బరు టోపీ. నా దగ్గరున్న జతలో ఒకటి పసుపు, ఒకటి నారింజ. బ్యాటరీ లేదు, యాప్ లేదు, స్క్రీన్ లేదు. గోల్ఫ్ సామాన్లలో ఇంతకంటే సాదా వస్తువు ఉండదేమో.

చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గురి ఎటు ఉంది, క్లబ్ ఏ దారిలో బంతి మీదికి వస్తోంది, తుంటి ఎటు కదులుతోంది, క్లబ్ నేలను ఎక్కడ తాకుతోంది అన్న నాలుగు విషయాల్లో ఇంత నికరంగా జవాబు చెప్పే వస్తువు మరొకటి లేదు. కానీ క్లబ్ ఫేస్ (బంతిని తాకే క్లబ్ ముఖం) గురించి ఇవి ఏమీ చెప్పవు. జనంలో ఎక్కువమందిని ఏడిపించే స్లైస్ (కుడిచేతి ఆటగాడి బంతి కుడికి వంగిపోవడం) మాత్రం చాలాసార్లు ఫేస్ దగ్గరే మొదలవుతుంది. ఈ సంగతి తెలియకుండా కొన్నవాళ్లు కొన్నాళ్లు స్టిక్స్ పరిచి కొట్టి, ఫలితం కనబడక వాటిని బ్యాగ్‌లో అలా వదిలేస్తారు. వస్తువు మంచిదే, ముందు జబ్బేమిటో తెలిస్తేనే ఏ చోట పెట్టాలో తెలుస్తుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. గోల్ఫ్ ఆడతాను, కోచ్‌ని కాను. నా దగ్గరకు గోల్ఫర్లు నడుం నొప్పితో, మోచేతి నొప్పితో, మణికట్టు వాపుతో వస్తుంటారు. మోకాలు నొప్పి అని వచ్చిన మనిషికి తుంటి బిగుసుకుపోయి ఉండటం మాకు రోజూ కనిపించేదే. నొప్పి ఒకచోట, కారణం ఇంకోచోట. స్వింగ్ లోపాలు కూడా అచ్చం ఇదే తీరులో నడుస్తాయి, అందుకే ఈ స్టిక్స్ మీద నాకు అంత ఆసక్తి. ఒక ఉదాహరణ చెప్తాను. డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) ఎవరి బంతయినా నేల మీద దొర్లుకుంటూ పోతే వెంటనే వినిపించే మాట "తల ఎత్తేశావ్". తల ఎత్తడం నిజమే. కానీ తల తనంతట తాను లేవలేదు. తుంటి బంతి వైపు దూసుకొచ్చింది, దాంతో మొండెం నిలువయ్యింది, తల దాని వెంట పైకి పోయింది. అప్పుడు "తల దించు, తల దించు" అని మెడను బిగబట్టించడం వల్ల టాప్ షాట్ (బంతి పైభాగాన్నే తాకే దెబ్బ) పోదు, మెడ నొప్పి మాత్రం వస్తుంది. అలా మెడ పట్టేసుకుని వచ్చినవాళ్లను నేను చూశాను.

ఇక్కడి నుంచి కుడిచేతి ఆటగాళ్ల లెక్కలో చెప్తాను. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

స్టిక్స్ నేల మీద పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. బంతిని చదవాలి. బంతి ఎటువైపు బయలుదేరింది? బయలుదేరాక ఎటు వంగింది? ఈ రెండు ప్రశ్నల్ని విడివిడిగా అడగాలి. బయలుదేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది ఫేస్. డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద తల క్లబ్) అయితే సుమారు 85 శాతం, ఐరన్‌తో (లోహపు పలక తల ఉన్న క్లబ్) సుమారు 75 శాతం ఫేస్ వాటానే. వంపు మాత్రం ఫేస్‌కీ క్లబ్ వచ్చే దారికీ మధ్యనున్న తేడా వల్ల పుడుతుంది. ఫేస్ ఆ దారికన్నా కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమకి మూసుకుని ఉంటే ఎడమకి. ఒకప్పుడు దీన్ని తలకిందులుగా నేర్పేవాళ్లు: దారి బట్టి బంతి బయలుదేరుతుందని, ఫేస్ బట్టి వంగుతుందని. డాప్లర్ రాడార్ యంత్రాలు వచ్చి బంతినీ క్లబ్బునూ కలిపి కొలవడం మొదలయ్యాకే ఆ మాట తప్పని అందరికీ తేలింది. పాత పాఠం విన్నవాళ్లు ఇప్పటికీ రేంజ్‌లో దొరుకుతారు, వాళ్ల సలహా నిజాయితీగానే ఉంటుంది, కానీ రోగం మందు రెండూ తారుమారవుతాయి.

"ఫోన్లో స్లో మోషన్ తీసి చూసుకుంటే సరిపోదా?" అని అడుగుతారు. ఫోన్ చాలా విషయాలకు పనికొస్తుంది, ఆ తాకిడి క్షణానికి మాత్రం పనికిరాదు. క్లబ్, బంతి కలిసి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక ఫ్రేముకీ మరోదానికీ మధ్య నాలుగు మిల్లీసెకన్లు పైనే గడుస్తాయి. సెకనుకు 40 మీటర్ల వేగంతో వచ్చే డ్రైవర్ తల ఆ మధ్యలో 16, 17 సెంటీమీటర్లు దాటిపోతుంది. ఫేస్ ఎటు తిరిగి ఉందో ఆ వీడియోలో చూసి తేల్చేశానని ఎవరైనా అంటే నేను నమ్మను. బంతి వంపే నమ్మదగిన సాక్ష్యం.

ఇంకో సాక్ష్యం ఫేస్ మీద పడే మచ్చ. పాదాలకు వాడే పౌడర్ స్ప్రే ఫేస్ మీద పలచగా కొట్టి ఒక బంతి కొడితే తాకిన చోట గుండ్రటి ముద్ర పడుతుంది. డ్రైవర్‌తో ఫేస్ మడమ వైపు (కర్రకి దగ్గరి అంచున) తగిలిన బంతి కుడికి వంగుతుంది, బొటనవేలి వైపు (దూరపు అంచున) తగిలింది ఎడమకి వంగుతుంది. దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారు. స్వింగ్ దారి, ఫేస్ రెండూ చక్కగా ఉన్నా, తగిలిన చోటు అటో ఇటో అయితే బంతి వంగి తీరుతుంది. స్లైస్ అని వచ్చిన మనిషి ముద్రలన్నీ మడమ వైపే ఉంటే, ముందు బంతికి ఎంత దూరంలో నిలబడుతున్నాడో, కిందికి వచ్చేటప్పుడు ఒళ్లు ముందుకు తూలుతోందో లేదో చూడాలి. అది చూడకుండా స్టిక్స్‌తో దారి దిద్దబోతే లేని లోపాన్ని తెచ్చి పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు స్టిక్స్ సంగతి. అందరూ మొదట చేసే పనే అన్నిటికంటే విలువైనది: గురి చూసుకోవడం. ఒక స్టిక్ బంతికి ఆవలగా, లక్ష్యం వైపు చూస్తూ. రెండోది కాలి వేళ్ల ముందు, మొదటిదానికి సమాంతరంగా. రైలు పట్టాల మాదిరి. బంతి నడిచేది ఆవలి పట్టా మీద, మనం నిలబడేది ఈవలి పట్టా మీద. అంటే మన పాదాల గీత జెండా వైపు కాదు, జెండాకి కాస్త ఎడమ పక్కకి చూడాలి. ఇది చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోరు, ఒళ్లు ఎడమకి తిరిగిపోయినట్టు అనిపిస్తుంది వాళ్లకి. అలవాటుగా వాళ్లు పాదాల్ని జెండా వైపు పెడతారు, దాంతో బంతి గీత కుడికి పోతుంది. 200 గజాల దూరంలో ఒక్క డిగ్రీ తేడా అంటే మూడున్నర గజాలు. నాలుగు డిగ్రీలైతే 14 గజాలు, అంటే గ్రీన్ (జెండా ఉన్న నున్నటి పచ్చిక) అంచు దాటి ఇసుక గుంటలోకి, అంటే బంకర్‌లోకి.

అంతటితో ఆగితే పరవాలేదు. కంటికి జెండా కనిపిస్తూనే ఉంటుంది కదా, గురి కుడికి ఉందని ఒంటికి ఏదో తెలుస్తుంది. అందుకని కిందికి వచ్చేటప్పుడు కుడి భుజం ముందుకు తోసి, క్లబ్బుని బయటినుంచి లోపలికి లాగి బంతిని ఎడమకి తెచ్చుకుంటారు. "ఓవర్ ద టాప్" అని మనం తిట్టుకునే కదలిక ఇదే. అది స్వింగ్‌లో లోపమని అనుకుని ఎంతో కాలం దిద్దుకుంటారు. అసలు లోపం స్వింగ్ మొదలవక ముందే, పాదాల దగ్గరే ఉంది. స్టిక్స్ పరిచిన రోజున కొందరికి ఇది చూస్తుండగానే తగ్గిపోతుంది. ఈ ఒక్క ఉపయోగం కోసమే అయినా ఈ జత కొనమంటాను.

పాదాలు సరిగా ఉన్నా భుజాలు మోసం చేస్తాయి. గ్రిప్‌లో కుడి చెయ్యి ఎడమ చేతికన్నా కింద ఉంటుంది కాబట్టి కుడి భుజం ముందుకు జరిగే గుణం మనందరికీ ఉంది. బంతిని మరీ ఎడమ కాలి వైపు పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. ఒక స్టిక్ తీసి ఛాతీకి అడ్డంగా, రెండు భుజాలకీ తగిలేలా పట్టుకుని చూడండి, ఎటు చూపిస్తోందో తెలుస్తుంది. బంతి స్థానానికీ ఒక స్టిక్‌ని పాదాల గీతకి అడ్డంగా పెట్టుకోవచ్చు. డ్రైవర్‌కి ఎడమ మడమ లోపలి వైపు, చిన్న ఐరన్లకీ వెడ్జ్‌లకీ (దగ్గరి షాట్ల క్లబ్బులకీ) పాదాల మధ్యకి దగ్గరగా.

స్లైస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ స్టిక్స్ అమ్మే పెట్టెల మీద మొదట రాసేది "స్లైస్ పోగొడుతుంది" అనే.

కుడి భుజం నొప్పితో ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. నొప్పి తగ్గాక రేంజ్‌లో ఆయన ఆట చూశాను. బంతి కుడికే బయలుదేరి, ఇంకా కుడికి వంగి పోతోంది. ఆయన ముందు రెండు స్టిక్స్, ఒక హెడ్‌కవర్ (క్లబ్ తలకి వేసే తొడుగు), బోలెడంత శ్రద్ధ.

"క్లబ్ బయటినుంచి వస్తోందని అందరూ అంటున్నారమ్మా, దానికోసమే ఇవన్నీ పెట్టుకున్నా" అన్నారు.

"బాబాయ్ గారూ, ఒకసారి క్లబ్ పట్టుకుని ఊరికే నిలబడండి, చేతులు చూస్తాను" అన్నాను.

ఎడమ చేతి వెనక వేలి కణుపు ఒక్కటే కనిపిస్తోంది. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత గడ్డం వైపు చూపిస్తోంది. వీక్ గ్రిప్. బంతి కుడికే బయలుదేరుతోందంటే తాకే క్షణంలో ఫేస్ లక్ష్యానికి కుడికి తెరుచుకుని ఉందన్నమాట. అది ఆయన ముందున్న ఏ స్టిక్కూ చూపించలేదు. గ్రిప్ మార్పించాం. ఎడమ చేతి కణుపులు రెండు స్పష్టంగా, మూడోది కొద్దిగా కనబడేలా, ఆ గీతలు కుడి భుజం వైపు చూసేలా. మొదట్లో ఆయనకి ఆ పట్టు చాలా ఎబ్బెట్టుగా అనిపించింది. గ్రిప్ మార్చినప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఆ తరవాత బంతులు ఎడమకి బయలుదేరి తిన్నగా ఎడమకే పోవడం మొదలుపెట్టాయి. ఆయన కంగారుపడ్డారు. నాకు సంతోషం వేసింది, ఎందుకంటే ఇప్పుడు లోపం బయటపడింది. ఫేస్ ఇన్నాళ్లూ కుడికి తెరుచుకుని ఉంటే, బంతిని మైదానంలో ఉంచడానికి ఆయన క్లబ్బుని బయటినుంచి లోపలికి లాగుతూ వచ్చారు. ఫేస్ సరిపడ్డాక ఆ లాగుడు ఒక్కటే మిగిలింది. దానికి మందు ఇప్పుడు స్టిక్స్ దగ్గర ఉంది.

ఫేస్ ముందు, దారి తరవాత. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో ఆలోచించండి. తెరిచిన ఫేస్‌తోనే, స్టిక్స్ చూసుకుంటూ దారిని లోపలినుంచి బయటికి మార్చితే బంతి మునుపటికన్నా కుడికి పోతుంది. మనిషి భయపడిపోతాడు. "సరైన స్వింగ్ నాకు పడదు" అనుకుని పాత లాగుడికి వెళ్లిపోతాడు. స్టిక్స్ పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది కథ ఇదేనని నా నమ్మకం.

దారి దిద్దడానికి నేను వాడే పద్ధతి ఇది. ఒక స్టిక్ లక్ష్యం గీత మీద, బంతికి ఆవల. ఒక ఖాళీ హెడ్‌కవర్ ఆ స్టిక్‌కి ఈవలి వైపే, బంతికన్నా కొంచెం కుడికి వెనకగా, క్లబ్ తల దాటడానికి కాస్త మాత్రమే చోటు మిగిలేలా. క్లబ్ బయటినుంచి వస్తే హెడ్‌కవర్ ఎగిరిపోతుంది. నేలలో స్టిక్‌ని ఏటవాలుగా గుచ్చి దాని కిందనుంచి స్వింగ్ చేయమని కొందరు చూపిస్తారు. అది చూడటానికి బాగుంటుంది, దయచేసి అలా చేయకండి, చేసినా స్టిక్‌కి మెత్తటి ఫోమ్ గొట్టం తొడగండి. పూర్తి వేగంతో గట్టి స్టిక్‌ని తాకితే మణికట్టుకి దెబ్బ తగులుతుంది, విరిగిన ఫైబర్‌గ్లాస్ ముక్క పక్కవాళ్ల మీదికి ఎగురుతుంది.

కొందరికి గురీ గ్రిప్పూ సరిగా ఉన్నా భుజం ముందు తిరుగుతూనే ఉంటుంది. వాళ్లకి నేను స్టిక్‌ని ఇంకో పనికి వాడతాను. కుర్చీలో మోకాళ్లు దగ్గరగా పెట్టి నిటారుగా కూర్చోమంటాను, స్టిక్ ఛాతీకి అడ్డంగా. తుంటి కదలకుండా మొండెం ఒక్కటే కుడికీ ఎడమకీ తిప్పాలి. రెండు వైపులా 45 డిగ్రీల దాకా తిరగాలి. రోజంతా బల్ల ముందు కూర్చునేవాళ్లు చాలామంది అందులో సగం దగ్గరే ఆగిపోతారు. అలాంటి ఒళ్లు బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు) చాలినంత తిరగలేదు, చేతులు ఎత్తి ఆ లోటు పూడ్చుకుంటుంది, కిందికి వచ్చేటప్పుడు ఆ చేతులూ భుజమే ముందు బయలుదేరతాయి. నిజానికి తుంటి ముందు, మొండెం తరవాత, చేతులు, చివర క్లబ్ కదలాలి. ఇక్కడ రేంజ్‌లో వందల బంతులు కొట్టడం కన్నా వీపు పైభాగానికి వ్యాయామం చేయడమే వైద్యం.

ఇక తుంటి. ఎర్లీ ఎక్స్‌టెన్షన్ అనే ఈ లోపం గురించి నాకు చెప్పుకోవాల్సింది చాలా ఉంది, ఎందుకంటే నా దగ్గరకొచ్చే నడుం నొప్పుల్లో దీని నీడ తరచుగా కనిపిస్తుంది. డౌన్‌స్వింగ్‌లో (క్లబ్ కిందికి వచ్చేటప్పుడు) తుంటి వెనక్కి ఉండి తిరగాల్సింది పోయి బంతి వైపు దూసుకొస్తుంది. చేతులకి చోటు పోతుంది. అప్పుడు ఒళ్లు లేస్తుంది, బంతి టాప్ అవుతుంది. లేదా చేతులు ముందుకు నెట్టబడి క్లబ్ మెడ దగ్గర తగిలి షాంక్ అవుతుంది. లేదా క్లబ్ వెనక చిక్కుకుపోయి, ఒకసారి కుడికి తిన్నగా, ఇంకోసారి మణికట్టు తిప్పేసి గట్టి హుక్‌గా ఎడమకి పోతుంది. ఒకే మనిషి ఒకే పూటలో రెండు వైపులా పారేసుకుంటుంటే నేను ముందు తుంటినే చూస్తాను. నడుం వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, అదే క్షణంలో వేగంగా తిరగడం వెన్నుకి మంచిది కాదని వేరే చెప్పక్కర్లేదు.

దీనికి స్టిక్ వాడకం సులువు. నేలలో నిలువుగా గుచ్చి, నిలబడ్డప్పుడు పిరుదులకి అలా ఆనీ ఆననట్టు ఉంచాలి. బ్యాక్‌స్వింగ్‌లో కుడి పిరుదు దాన్ని తాకాలి, డౌన్‌స్వింగ్‌లో ఎడమ పిరుదు తాకాలి. బంతి పోయేదాకా స్టిక్‌కీ ఒంటికీ మధ్య ఖాళీ పడకూడదు. మ్యాట్ (కృత్రిమ గడ్డి చాప) మీద గుచ్చడం కుదరదు కాబట్టి రేంజ్‌లో కుర్చీ వెనక భాగం వాడుకోవచ్చు, ఇంట్లో గోడ చాలు. క్లబ్ లేకుండా, చేతులు ఛాతీ మీద కట్టుకుని, నెమ్మదిగా చేస్తే అన్నిటికన్నా బాగా పడుతుంది.

అయితే ఇక్కడా స్టిక్ లోపాన్ని చూపిస్తుందే గానీ కారణం చెప్పదు. కారణం మూడు నాలుగు చోట్ల ఉండొచ్చు. బంతికి మరీ దగ్గరగా నిలబడటం, బరువు కాలి వేళ్ల మీద ఉండటం, తుంటి లోపలికి తిరగకపోవడం, చీలమండ బిగుసుకుపోవడం. చివరిది తెలుసుకోవడానికి స్టిక్‌ని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, వీలైనంత లోతుగా గొంతుక్కూర్చోండి. మడమలు నేల మీంచి లేచినా, స్టిక్ ముందుకు పడిపోయినా ఒంట్లో ఎక్కడో బిగువు ఉంది. అలాంటి మనిషిని "తుంటి వెనక ఉంచు" అని ఎన్నిసార్లు అరిచినా ఉంచలేడు. పాపం, అతని చీలమండ ఒప్పుకోదు. అది సడలించాకే స్టిక్ దగ్గరకు రావాలి.

ఫ్యాట్, థిన్ షాట్లని వేరువేరు లోపాలుగా చూస్తారు గానీ ఎక్కువసార్లు రెండూ ఒకటే. క్లబ్ తిరిగే వలయంలో అడుగు బిందువు బంతికి వెనక పడింది. నేల ముందు తగిలితే ఫ్యాట్, నేల తప్పించుకుని పైకి లేస్తూ బంతి నడుమును తాకితే థిన్. ఐరన్‌తో బంతి ముందు తగిలి, ఆ తరవాత గడ్డి తెగాలి, అంటే డివట్ (గడ్డి తెగిన గుంట) బంతి ఉన్నచోట గానీ దానికి లక్ష్యం వైపున గానీ మొదలవ్వాలి. స్టిక్‌ని బంతి వైపు చూపిస్తూ అడ్డంగా, క్లబ్‌కి తగలనంత దూరంలో పెట్టి కొట్టండి. డివట్ ఆ గీతకి ఏ వైపు మొదలైందో చూస్తే చాలు, ఇంకే యంత్రమూ అక్కర్లేదు. గడ్డి రేంజ్‌లో మాత్రమే చేయండి. మ్యాట్ ఈ విషయంలో అబద్ధం చెప్తుంది, క్లబ్ వెనక తగిలినా జారి బంతిని తాకుతుంది, శబ్దం కూడా బాగానే వస్తుంది. మ్యాట్ మీద బాగా కొట్టి కోర్సులో తవ్వుకునేవాళ్ల రహస్యం ఇదే.

ఆ అడుగు బిందువు వెనక పడటానికి కారణం బరువు కుడి కాలి మీదే ఉండిపోవడం, లేదా మణికట్టు కోణాన్ని పైనే వదిలేయడం. బంతిని గాల్లోకి ఎత్తాలన్న కోరిక ఈ రెంటికీ మూలం. ఎత్తేది క్లబ్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం), మనం కాదు. బ్యాక్‌స్వింగ్‌లో తుంటి పక్కకి జారిపోయేవాళ్లు కుడి తుంటి పక్కన స్టిక్ నిలువుగా పెట్టుకుంటే తెలిసిపోతుంది.

ఎడమ మోచెయ్యి వంగిపోయే చికెన్ వింగ్‌కి స్టిక్ పెట్టి ప్రయోజనం లేదు. చాలాసార్లు అది తెరిచిన ఫేస్‌కీ, లోపలికి లాగే దారికీ ఫలితం. అవి పోతే అదీ పోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. స్టిక్స్ చేతికొచ్చాక అందరి స్వింగునీ ఒకే గీతలో పెట్టాలన్న ఉబలాటం వస్తుంది. అమెరికన్ గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ బ్యాక్‌స్వింగ్ పైకి ఒక దారిలో పోయి, పెద్ద మెలిక తిరిగి ఇంకో దారిలో కిందికి వస్తుంది. ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్ (అమెరికా వృత్తి గోల్ఫ్) పోటీలో ఒక రౌండ్‌ని 58 స్ట్రోకుల్లోనే ముగించాడు. పాతతరం అమెరికన్ ఛాంపియన్ బెన్ హోగన్ హుక్‌తో (బంతి ఎడమకి గట్టిగా వంగడం) ఏళ్ల తరబడి పోరాడి, గ్రిప్‌ని వీక్ చేసుకుని బాగుపడ్డాడు. స్లైస్ ఉన్నవాళ్లకి మనం చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం అది. బంతి తాకే క్షణంలో క్లబ్ ఎలా ఉందన్నదే లెక్క. బంతి మంచిగా పోతున్నవాడి స్వింగ్ పక్కన స్టిక్ పెట్టి వంకర చూపించకండి.

ఇక వస్తువులో లోటుపాట్లు. ఫైబర్‌గ్లాస్ ఎండలో, వానలో కొంత వాడాక పైపొర లేచి సన్నటి ముళ్లు వస్తాయి. అవి చేతిలో దిగితే కంటికి కనబడవు, నొప్పి మాత్రం పోదు. వాడేముందు పాత గుడ్డతో తుడవండి, గుడ్డ పట్టుకుంటోందంటే ఆ స్టిక్ మార్చాల్సిందే. ఛాతీకి అడ్డంగా పట్టుకునే వ్యాయామాలకి పొర లేచినవి అస్సలు వాడకండి. రబ్బరు టోపీ ఊడిపోతుంది, మొదటిరోజే కాస్త జిగురు వేసుకోవడం నయం. గట్టి నేలలో మొన దిగదు, బలవంతం చేస్తే చీలుతుంది. మరీ సన్నవి కొంటే ఎండలో పడి వంగిపోతాయి, వంగిన స్టిక్‌తో గురి నేర్చుకోవడం కన్నా స్టిక్ లేకపోవడమే మేలు. కొనేటప్పుడు చదునైన నేల మీద దొర్లించి చూడండి, తిన్ననిదైతే తడబడకుండా దొర్లుతుంది. మడతపెట్టే రకాలు బ్యాగ్‌లో బాగా సర్దుకుంటాయి, కానీ నేను చూసినవాటిలో కీలు దగ్గర ఊగులాట ఉంది. రెండు ముక్కలూ కొద్దిగా పక్కదారి పట్టినా గీత గీత కాదు. నేను మాత్రం ఒకే ముక్కగా ఉన్నవే తీసుకోమంటాను. రంగు గడ్డి మీద కొట్టొచ్చినట్టు కనబడాలి, ఆకుపచ్చవి ఎందుకు తయారు చేస్తారో నాకు అర్థం కాదు.

సాధన చేసేటప్పుడు స్టిక్స్‌ని అక్కడే వదిలేసి బుట్ట ఖాళీ అయ్యేదాకా కొట్టడం వల్ల కన్ను వాటికి అలవాటు పడిపోతుంది. రెండు మూడు బంతులు స్టిక్స్‌తో కొట్టి, తీసేసి, వెనక్కి నడిచి మళ్లీ గురి చూసుకుని ఒకటి కొట్టండి. ఆ తరవాత స్టిక్ తెచ్చి పాదాల ముందు పెట్టి, గురి ఎంత తప్పిందో చూసుకోండి. ఒళ్లు అనుకున్నదానికీ నిజానికీ మధ్య దూరం ఈ పరీక్షలోనే తెలుస్తుంది. ఒక పూట ఒకే లోపం మీద పనిచేయండి.

పోటీకి వెళ్లేటప్పుడు స్టిక్స్ బ్యాగ్‌లో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. రౌండ్ మధ్యలో మాత్రం గురి కోసం, నిలబడే తీరు కోసం ఏ వస్తువునూ నేల మీద పెట్టకూడదు, అది స్టిక్ అయినా క్లబ్ అయినా. మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల శిక్ష, ఒక్కో హోల్ గెలుపు లెక్కించే మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోతుంది. పెట్టి నిలబడ్డాక గుర్తొచ్చి, పక్కకి జరిగి తీసేసినా శిక్ష తప్పదు. వార్మప్ అయ్యాక వాటిని బ్యాగ్ అడుగుకి, క్లబ్బుల వెనక్కి తోసేయండి.